అయిపోయిన కథకు కొత్త పుస్తకాలు: మీ ప్రశ్నలు, అన్న జవాబులు

(ఈ శీర్షికలో జవాబులు చెప్పే మా అన్న కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర చాలా ఏళ్ళు అద్దె పుస్తకాల షాపు నడిపారు. టీవీ సీరియళ్ళకు కొనసాగింపుగా వచ్చే కామిక్స్ మీద ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారికి అన్నీ అవే.)

ప్రశ్న: అన్నా, 'అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్' సీరియల్ అంటే నాకూ మా అన్నకూ ప్రాణం. ఆఖర్లో అగ్ని రాజ్యానికి కొత్త రాజైన జుకో జైల్లో ఉన్న తండ్రి ముందు నిలబడి "మా అమ్మ ఎక్కడ?" అని అడుగుతాడు. జవాబు చెప్పకుండానే సీన్ కట్ చేస్తారు. ఆ జవాబు కామిక్స్‌లో ఉందంటే ఇద్దరం డబ్బులు కూడబెట్టి తెప్పించుకున్నాం. చదివి మా అన్న సూపర్ అన్నాడు. నాకైతే ఒళ్ళు మండింది. హీరో ఆంగ్, వాడు ప్రేమించిన కటారా ఒకరినొకరు స్వీటీ స్వీటీ అని పిలుచుకోవడమేంది? తల్లి పిల్లల్ని మర్చిపోయి ఇంకో కాపురం పెట్టుకోవడమేంది? ఫ్రెండ్స్‌లోనూ సగం మంది నా వైపు, సగం మంది మా అన్న వైపు. ఇది అసలు కథ కిందికి వస్తుందా, రాదా? మీరే తేల్చండి.
— ఇంజినీరింగ్ విద్యార్థిని, ప్రొద్దుటూరు

జవాబు: తేల్చమన్నావు కాబట్టి తీర్పు ముందే చెప్తా తల్లీ. అసలు కథ కిందికే వస్తుంది. నీకు ఒళ్ళు మండటం కూడా న్యాయమే. ఈ రెండింటికీ పేచీ లేదు. (కామిక్స్ ఇంకా చదవనివాళ్ళు ఈ జవాబు వదిలేసి ముందుకు పోండి. గుట్టంతా విప్పబోతున్నా.)

సీరియల్ 2005లో మొదలై 2008లో అయిపోయింది. మొత్తం 61 ఎపిసోడ్లు. కామిక్స్ అచ్చేసే డార్క్ హార్స్ వాళ్ళు 2012లో 'ద ప్రామిస్' తెచ్చారు, మరుసటి ఏడు 'ద సర్చ్'. రాసినాయన జీన్ లుయెన్ యాంగ్. బొమ్మలు గురిహిరు, అంటే ఆ పేరుతో కలిసి పనిచేసే ఇద్దరు జపాన్ ఆడవాళ్ళు. సీరియల్‌ను పుట్టించిన డిమార్టినో, కొనియెట్జ్‌కోలను పక్కన పెట్టుకునే యాంగ్ రాశాడు. ఆయన కూడా నీలాంటి అభిమానే. 2010లో ఇదే కథతో వచ్చిన సినిమాకు నటుల్ని ఎంచుకున్న తీరు నచ్చక, దాని మీద బహిరంగంగా గొడవ పెట్టుకున్న మనిషి. చేయి మారితే కథ పరాయిదైపోతుందని మన తెలుగువాళ్ళం అనలేం కదా. నన్నయ వదిలేసిన అరణ్యపర్వాన్ని పూర్తి చేసి, ఎర్రన దాన్ని నన్నయ లాగానే రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు.

ఇక నీ కోపం. అందులో రెండు వేరు వేరు కోపాలున్నాయి. నువ్వు రెంటినీ ఒకే మూటలో కట్టేశావు.

స్వీటీ గోల కామిక్ అనే రూపంతో వచ్చింది. టీవీలో కటారా ఒక చూపు చూసి పక్కకు తిరిగితే చాలు, మనకు అర్థమైపోయేది. కామిక్‌లో ఆ చూపు గడిలో బిగుసుకుని ఉంటుంది. పక్కన ఒక మాట రాయక తప్పదు. రాసిన మాటకు గొంతు ఉండదు. టీవీలో జుకో పెదనాన్న ఐరోకు గొంతునిచ్చిన మాకో 2006లో పోతే గ్రెగ్ బాల్డ్విన్ వచ్చి ఆ బరువు మోశాడు. కామిక్‌లో ఐరో మాట్లాడితే ఆ గొంతు నీ తలలో నువ్వే ఇచ్చుకోవాలి. ఇవ్వలేకపోతే అక్షరాలు పొడిపొడిగా ఉంటాయి. అయినా ఆ స్వీటీ విని పుస్తకంలో కటారా అన్న సోక్కా కూడా మొహం చిట్లిస్తాడు, చూడు. అంటే రచయితకు తెలిసే చేశాడు. కొత్తగా ప్రేమలో పడ్డ పిల్లలు ఎట్ల మాట్లాడుకుంటారో మీ ప్రొద్దుటూరు బస్టాండులో ఒక సాయంత్రం నిలబడు, యాంగ్ చాలా తగ్గించి రాశాడని ఒప్పుకుంటావు.

తల్లి సంగతి మాత్రం కథ లోపలిది. దాని మీద నిదానంగా మాట్లాడుకోవాలి. ఉర్సా రాజ్యం నుంచి గెంటేయబడింది, పిల్లల్ని వెంట తీసుకుపోయే వీల్లేదు. ముఖాలిచ్చే తల్లి అనే దేవత దగ్గరికి పోయి కొత్త ముఖం అడిగింది, ఆ బాధ తట్టుకోలేక జ్ఞాపకాలు కూడా తుడిపించేసుకుంది. పెళ్ళికి ముందు ప్రేమించినవాడితోనే కాపురం, ఒక ఆడపిల్ల. ఇన్నేళ్ళూ వెతికిన కొడుకు ఎదురొస్తే ఆమెకు వాడెవరో తెలియదు. మన సినిమాల్లో అయితే అక్కడ తల్లి పేగు కదలాలి, ఏదో పుట్టుమచ్చ కనపడాలి. యాంగ్ అదేమీ పెట్టలేదు. తల్లి బతికే ఉంది, సుఖంగా ఉంది, ఆ సుఖంలో తనకు చోటు లేదు. జుకోకు ఎదురైన కష్టం అది. పగబట్టడానికి కూడా ఎవరూ దొరకని కష్టం. నన్నడిగితే సీరియల్ మొత్తంలో ఆ పిల్లోడికి పడిన దెబ్బల్లో ఇంత నెమ్మదిగా లోపలికి దిగేది ఇంకొకటి లేదు. మీ అన్న సూపర్ అన్నది దీన్నే అయితే నేను ఆయన వైపు.

అయితే ఆ గాయాన్ని అదే పుస్తకం చివర్లో గబగబా కుట్టేశారు. జ్ఞాపకాలు తిరిగొచ్చేస్తాయి, తల్లి క్షమాపణ అడుగుతుంది, అయిపోయింది. మూడు భాగాలు కలిపి సుమారు 230 పేజీల్లో ఇంత కథ కుక్కితే మరి అంతే. జుకో అసలు ఆ జైల్లో ఉన్న ఓజాయ్ కొడుకే కాడేమో అని ఒక ఉత్తరం పట్టుకుని మనల్ని అంత దూరం తిప్పి, చివరికి అది ఉర్సా కావాలని రాసిన అబద్ధమని తేల్చడం ఇంకొకటి. అది డైలీ సీరియల్ ట్రిక్కు. వాటిని తిట్టు, నేను నీ వెనకే ఉంటా.

'ద ప్రామిస్'ను మాత్రం ఇంకోసారి చదవమంటా. నీ ఉత్తరంలో యూ డావ్ ఊసే లేదు, నాకు అదే బాధ. యుద్ధం అయిపోయింది, ఎవరి దేశానికి వాళ్ళు పొండి అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. యూ డావ్ అనే ఊళ్ళో నూరేళ్ళుగా అగ్ని రాజ్యం వాళ్ళూ భూమి రాజ్యం వాళ్ళూ కలిసిపోయి బతుకుతున్నారు. మేయరు ఇటువాడు, ఆయన పెళ్ళాం అటుమనిషి, వాళ్ళ కూతురు కోరీకి భూమి రాజ్యం వాళ్ళ విద్య వచ్చు, మట్టినీ రాళ్ళనూ ఆడించగలదు. ఆ పిల్ల ఏ దేశానికి పోవాలి? జుకోకు నిద్ర పట్టదు. రాజ్యం ఎట్ల ఏలాలో తెలియక, రహస్యంగా జైలుకు పోయి ఆ తండ్రినే సలహా అడుగుతాడు. అది తెలిసి వాడు ప్రేమించిన మే అనే పిల్ల వాణ్ణి వదిలేసి పోతుంది. టీవీలో పట్టాభిషేకం చూసి చప్పట్లు కొట్టాం గదా, ఆ కిరీటం బరువెంతో ఇక్కడ తెలుస్తుంది.

ఇది మనకు తెలియని కథ కూడా కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు బళ్ళారి జిల్లాను పంచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటొచ్చాయి, బళ్ళారి అటు పోయింది. మా షాపుకు ఆదోని నుంచి వచ్చే ఒక పెద్దమనిషి లెక్క తెలుగులో అడిగి, చిల్లర కన్నడంలో ఎంచుకునేవాడు. యూ డావ్ పేజీలు చదువుతుంటే నాకు ఆయనే కళ్ళముందు మెదిలాడు.

ప్రశ్న: సార్, నేను కేబుల్ రోజుల్లో 'బఫీ ద వాంపైర్ స్లేయర్' అని, రక్తపిశాచాలను వేటాడే అమ్మాయి సీరియల్ వదలకుండా చూసేదాన్ని. దానికి కామిక్స్‌లో ఎనిమిదో సీజన్ వచ్చిందని ఈమధ్యే తెలిసి చదివాను. బఫీ ఆకాశంలో ఎగురుతోంది, చెల్లెలు డాన్ తాటిచెట్టంత అయిపోయింది! కామిక్ కాబట్టి ఏమైనా గీసేయొచ్చా?
— బ్యాంకు ఉద్యోగిని, కర్నూలు

జవాబు: గీసేయొచ్చు మేడం, చిక్కంతా అక్కడే వచ్చింది. బఫీ 1997 నుంచి 2003 దాకా 144 ఎపిసోడ్లు నడిచింది. టీవీలో రాక్షసుణ్ణి చూపించాలంటే ఖర్చు. అందుకని రాక్షసుడు కాసేపు కనపడి, మిగతా టైమంతా నలుగురు ఫ్రెండ్స్ లైబ్రరీలో కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు. మనం ఇష్టపడింది ఆ మాటల్నే. 2007లో కామిక్ మొదలయ్యాక ఖర్చు బెడద పోయింది. గీసేవాడికి కొండైనా కుర్చీ అయినా ఇంకు ఒకటే. సైన్యాలొచ్చాయి, డ్రాక్యులా వచ్చాడు, టోక్యోలో యుద్ధాలు జరిగాయి. 2008లో దానికి ఉత్తమ కొత్త కామిక్‌గా ఐస్నర్ అవార్డు కూడా ఇచ్చారు. అవార్డు వచ్చిన పుస్తకాన్నే పాత అభిమానులు చాలామంది మధ్యలో వదిలేశారు. ముసుగు వేసుకున్న శత్రువు బఫీ ఒకప్పుడు ప్రేమించిన ఏంజెల్ అని తెలిశాక కొందరు, 39వ సంచికలో బఫీ గురువు గైల్స్‌ను ఆ ఏంజెల్ చేతుల్లోనే చంపేశాక ఇంకొందరు.

నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. 2011లో వచ్చిన 40వ సంచికతో అది ముగిసింది. సీరియల్ సృష్టికర్త జాస్ వీడన్ అందులో పాఠకులకు ఉత్తరం రాశాడు. బడ్జెట్ హద్దు లేదన్న ఉత్సాహంలో కథను మరీ పెద్దది చేశానని, మీరూ నేనూ ఇష్టపడింది ఆ మనుషుల్నేనని, తర్వాతి సీజన్‌లో నేల మీదికి దిగుతామని దాని సారాంశం. ఉత్తరాల శీర్షిక నడిపేవాణ్ణి కదా, నాకు ఆ పేజీ కథ కంటే రుచిగా అనిపించింది. తొమ్మిదో సీజన్‌లో మాట నిలబెట్టుకున్నారు కూడా. కథ శాన్‌ఫ్రాన్సిస్కోలో, అద్దె ఇల్లు, అప్పులు, ఉద్యోగాల మధ్యకు దిగింది. ఎనిమిది మీద కోపం ఉన్నా తొమ్మిది చూడండి.

ప్రశ్న: అయ్యా, మేము చందమామ చదివి పెరిగినవాళ్ళం. మా మనవడూ వాడి స్నేహితులూ ఏదో బొమ్మల పుస్తకంలో జరిగింది నిజమా కాదా అని మాట్లాడుకోవడం మానేసేదాకా పోయారు. మా కాలంలో ఈ గొడవలు ఎరుగుదుమా?
— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కడప

జవాబు: ఎరుగుదుము మాస్టారూ, మీ దాకా రాలేదంతే. వారపత్రికల్లో సీరియళ్ళు చింపి, దబ్బనంతో కుట్టి, మైదా జిగురుతో అట్ట అంటించి అద్దెకిచ్చేవాణ్ణి. వెనక్కి వచ్చినప్పుడు చివరి పేజీ చూడాలి. "రెండో భాగం దండగ" అని పెన్సిల్‌తో ఒకరు. కింద "నీకేం తెలుసు" అని ఎర్ర ఇంకుతో ఇంకొకరు. ఆ కింద మూడో చేతివ్రాత, దాన్ని పత్రికలో అచ్చు వేయలేం.

చందమామ సంగతి వేరు. మీ జిల్లా పొట్టిపాడులో పుట్టిన నాగిరెడ్డి గారు, చక్రపాణి గారు 1947లో పెట్టిన పత్రిక. బేతాళ కథలు అసలు 25. చందమామ దశాబ్దాల పాటు కొత్తవి రాయిస్తూనే పోయింది. ఇది అసలు బేతాళుడా, నకిలీ బేతాళుడా అని ఎవరూ కొట్టుకోలేదు. ఎందుకంటే ఏ కథ చదివినా విక్రమార్కుడు మళ్ళీ చెట్టు దగ్గరికే పోతాడు. ఆయన పెళ్ళాంబిడ్డలకు ఏమీ కాదు, రాజ్యం పోదు, భుజం మీద శవం బరువు కూడా తగ్గదు. మీ మనవడు చదివే పుస్తకాల్లో వాడికి ఇష్టమైనవాళ్ళు విడిపోతారు, చచ్చిపోతారు, తల్లిని పోగొట్టుకుంటారు. ఉత్తరకాండ చదవం, పట్టాభిషేకంతో పుస్తకం మూసేస్తాం అనే ఇళ్ళు మీ వీధిలోనూ ఉండే ఉంటాయి. వాళ్ళనడగండి, మీ మనవడి బాధ చక్కగా చెప్తారు. మాటలు మానేసిన సంగతికి కంగారు పడకండి, పరీక్షల ముందు నోట్సు కోసమైనా కలుస్తారు.

ప్రశ్న: అన్నా, అవతార్ కామిక్స్ చదవాలని ఉంది. అన్నీ కొనే స్థోమత లేదు. ఏ వరసలో చదవాలి? మొదట ఏది కొనాలి?
— డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: వరస ఇది తమ్ముడూ: 'ద ప్రామిస్', 'ద సర్చ్', 'ద రిఫ్ట్', 'స్మోక్ అండ్ షాడో', 'నార్త్ అండ్ సౌత్', 'ఇంబాలన్స్'. ఒక్కోటి మూడు సన్న భాగాలు. విడివిడిగా కొనవద్దు, మూడూ కలిపి వచ్చే ఆమ్నిబస్ తీసుకో. గట్టి అట్ట లైబ్రరీ ఎడిషన్ ఖరీదెక్కువ. కానీ దాంట్లో ఏ బొమ్మ ఎందుకు అట్లా గీశారో రచయిత, చిత్రకారిణులు అంచుల్లో రాసిన నోట్స్ ఉంటాయి. నలుగురు కలిసి వేసుకుంటే అదే కొనండి. అందరూ 'ద సర్చ్' కోసం ఎగబడతారు, నువ్వు 'ద ప్రామిస్'తోనే మొదలుపెట్టు. లేకపోతే జుకో అంత కంగారుగా తల్లి కోసం ఎందుకు బయల్దేరాడో అంతుపట్టదు. 'ద రిఫ్ట్'లో ఆంగ్ స్నేహితురాలు టోఫ్‌కూ వాళ్ళ నాన్నకూ జరిగేది బాగుంటుంది, దాన్ని వదలొద్దు. చేతిలో డబ్బు తక్కువైతే 'స్మోక్ అండ్ షాడో' తర్వాత ఆగినా నష్టం లేదు. 'ఇంబాలన్స్' దగ్గర రచయితా మారారు, బొమ్మలు గీసే చేయీ మారింది. ఫెయిత్ ఎరిన్ హిక్స్ రాస్తే పీటర్ వార్ట్‌మన్ గీశాడు. ఆంగ్ మొహం కొంచెం వేరుగా కనపడుతుంది, డూప్లికేట్ పుస్తకం అంటగట్టారని షాపువాడితో తగువు పెట్టుకోకు.