అన్ని నంబర్లూ కొనేద్దామంటున్న అల్లుడికి

హ్యూస్టన్

చి. వంశీకి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఎక్సెల్ షీట్ మొదటి గడి నుంచి చివరి గడి దాకా చూశాను. కాంబినేషన్ల లెక్క సరిగ్గానే ఉంది. టెక్సస్ లాటోలో 54 నంబర్లలోంచి 6 ఎంచుకునే మార్గాలు 2,58,27,165. టికెట్ ఒక డాలరు. అంటే 25.8 మిలియన్ డాలర్లు పెడితే జాక్‌పాట్ టికెట్ మన చేతిలో ఉండి తీరుతుంది. జాక్‌పాట్ అంతకంటే పెద్దదైన రోజు చూసుకుని కొంటే లాభమే కదా మామయ్యా అని అడిగావు. సూటిగా చెప్తున్నాను, లాభం రావచ్చు. కొందరికి వచ్చింది కూడా. అయినా నువ్వూ నీ ఫ్రెండ్సూ ఈ పనిలో దిగొద్దనే అంటాను. బావగారి డబ్బుతో అయితే అసలు వద్దు. కారణాలన్నీ రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ముందు ఈ లాభం ఎవరి జేబులోంచి వస్తుందో చూడు. ఏ లాటరీ అయినా వసూలైన డబ్బులో ప్రభుత్వం వాటా, షాపువాళ్ల కమిషన్ పోగా మిగిలిందే ప్రైజులుగా పంచుతుంది. కేరళ ప్రభుత్వ లాటరీలో ఒక డ్రాకి అచ్చేసిన టికెట్లన్నీ నువ్వే కొన్నావనుకో, నష్టం ఖాయం. ప్రైజులన్నీ కలిపినా టికెట్ల ఖర్చు రాదు. ఇక్కడి లాటోలో తేడా ఏమిటంటే, ఆరు నంబర్లూ ఎవరికీ కలవకపోతే జాక్‌పాట్ తర్వాతి డ్రాకి వెళ్తుంది. అలా నెలల తరబడి పేరుకున్నాక అందులో పాత డ్రాల్లో ఓడిపోయినవాళ్ల డబ్బంతా ఉంటుంది. అన్ని నంబర్లూ కొనేవాడి కన్ను ఆ పాత డబ్బు మీదే. అది బాగా పోగుపడని డ్రాలో ఈ పని చేస్తే చేతులు కాల్చుకోవడమే.

నువ్వు ఉదాహరణగా చెప్పిన 2023 ఏప్రిల్ 22 డ్రా సంగతి నాకు బాగా తెలుసు. బోర్డుల మీద 95 మిలియన్లు అని వేశారు. రూక్ టీఎక్స్ అనే పేరుతో వచ్చిన గ్రూపు దాదాపు అన్ని కాంబినేషన్లూ కొని గెలిచింది. కానీ వాళ్లు తీసుకున్నది 95 కాదు, 57.8 మిలియన్లు. బోర్డు మీద అంకె 30 ఏళ్ల పాటు వాయిదాల్లో ఇచ్చే మొత్తం. ఒకేసారి కావాలంటే క్యాష్ ఆప్షన్, అది చాలా తక్కువ. నీ షీట్‌లో మొదటి పొరపాటు ఇదే, బోర్డు అంకె వేసేశావు. అప్పు తెచ్చి పెట్టినవాళ్లు 30 ఏళ్లు ఆగరు కదా.

చిన్న ప్రైజులు ఆదుకుంటాయని రాశావు. అవి ఎన్ని వస్తాయో ముందే కచ్చితంగా చెప్పొచ్చు. అన్నీ కొంటే ఐదు నంబర్లు కలిసే టికెట్లు 288, నాలుగు కలిసేవి 16,920, మూడు కలిసేవి 3,45,920 ఉంటాయి. మూడు కలిస్తే వచ్చేది 3 డాలర్లు. అన్నీ కలిపి చూసుకుంటే పెట్టుబడిలో పదో వంతుకి అటూఇటూ తిరిగొస్తుంది, అంతే. ఆ మూడు లక్షల పైచిలుకు టికెట్లను మిగతా రెండున్నర కోట్ల లైన్లలోంచి ఏరి, క్లెయిమ్ చేసేవాళ్లు కూడా కావాలి.

ఇక నేను ఇన్నేళ్లు అన్నం తిన్న సబ్జెక్టు, ట్యాక్సు. టెక్సస్‌లో రాష్ట్రం పన్ను లేదు, అది నిజమే. ఫెడరల్ పన్ను ఉంది, ఇంత మొత్తం మీద పై స్లాబ్ 37 శాతం. ఓడిన టికెట్ల ఖర్చును గెలిచిన డబ్బులోంచి తగ్గించి చూపించుకోవచ్చు, కానీ 2026 నుంచి రూలు మారింది. నష్టంలో 90 శాతమే తగ్గించనిస్తారు. మామూలుగా ఆడేవాడికి అది పట్టదు. 25.8 మిలియన్లు పెట్టినవాడికి మాత్రం రెండున్నర మిలియన్లు లేని ఆదాయంగా లెక్కకొచ్చి, దాని మీద పన్ను మిలియన్ దాకా పడుతుంది. నీ షీట్‌లో ఈ కాలమే లేదు.

అన్నిటికంటే పెద్ద గొయ్యి ఇంకొకటుంది, దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. అన్ని నంబర్లూ నీ దగ్గర ఉంటే జాక్‌పాట్ నీకు వస్తుంది. అయితే నీ ఒక్కడికే వస్తుందని ఎవరన్నారు? అదే నంబరు ఇంకొకరి దగ్గర ఉంటే సగం, ఇద్దరి దగ్గర ఉంటే మూడో వంతు. మిగతా జనం కొన్న టికెట్ల సంఖ్య మొత్తం కాంబినేషన్ల సంఖ్యకి సమానమైతే, నీ ఒక్కడికే దక్కే అవకాశం 37 శాతం. సగటున నీ చేతికొచ్చేది జాక్‌పాట్‌లో 63 శాతం. జనం ఇంకా ఎగబడితే ఇంకా తక్కువ. పైగా చాలామంది పుట్టినరోజు తేదీలు వేస్తారు కాబట్టి 31 లోపు నంబర్లు పడినప్పుడు పంచుకోవాల్సిన ప్రమాదం ఎక్కువ.

2023 అంకెలకే ఇది వేసి చూశాను. ఒక్కరే గెలిస్తే పన్నుకి ముందు లాభం 34 మిలియన్ల పైన. ఇంకొకరితో పంచుకుంటే ఐదున్నర మిలియన్లు, ఇప్పటి పన్ను రూలు ప్రకారం కట్టాక మిగిలేది రెండున్నర. ముగ్గురు పంచుకుంటే నాలుగు మిలియన్ల నష్టం. ఒకే పని, ఒకే ఖర్చు, వేరెవరో ఇద్దరు ఏ గ్యాస్ స్టేషన్‌లోనో కొన్న చెరో టికెట్‌తో లాభం నష్టమైపోతుంది. దీన్ని ఆపడం నీ చేతిలో లేదు, నీ తెలివిలోనూ లేదు.

పవర్‌బాల్ అనే ఇంకో పెద్ద లాటరీ అయితే ఇంకా ఘోరం. 29,22,01,338 కాంబినేషన్లు, ఒక్కోటి 2 డాలర్లు, అంటే 584 మిలియన్లు. 2016 జనవరిలో జాక్‌పాట్ 1.586 బిలియన్లకి చేరినప్పుడు ఇక అన్నీ కొనేయొచ్చని చాలామంది అనుకున్నారు. క్యాష్ విలువ 983.5 మిలియన్లు. గెలిచింది ముగ్గురు. అన్నీ కొన్నవాడు ఉండుంటే నాలుగోవాడయ్యేవాడు, అతని వాటా దాదాపు 246 మిలియన్లు. అతని టికెట్ల డబ్బుతో జాక్‌పాట్ కొంత పెరిగినా, చిన్న ప్రైజులు కలిపినా, పెట్టిన 584కి దరిదాపుల్లో ఉండదు. జాక్‌పాట్ పెరిగేకొద్దీ కొనేవాళ్లూ పెరుగుతారు, ఇది మర్చిపోకు.

టికెట్లు ప్రింట్ చేయించడం గురించి నీ షీట్‌లో ఒక్క లైనే ఉంది, "లాజిస్టిక్స్ చూసుకోవాలి" అని. లాటోలో రెండు డ్రాల మధ్య గట్టిగా ఉంటే మూడు రోజులు. రాత్రీ పగలూ ఆగకుండా చేసినా సెకనుకి వంద కాంబినేషన్లు కొనాలి. మన తెలుగాయన గ్యాస్ స్టేషన్‌కి వెళ్లినప్పుడు కౌంటర్ పక్కన నిలబడి చూడు. నంబర్లు నింపిన స్లిప్పు మెషిన్‌లో పెట్టాలి, అది చదవాలి, టికెట్ బయటికి రావాలి. కాగితం రోల్ అయిపోతే కొత్తది వెయ్యాలి. స్లిప్పు మడత పడితే మెషిన్ తీసుకోదు. వెనక పాల ప్యాకెట్ పట్టుకుని నలుగురు నిలబడి ఉంటారు. 2023లో ఆ గ్రూపుకి ఇది సాధ్యమైందంటే, టికెట్లు కొనిపెట్టే కొరియర్ కంపెనీలతో సంబంధమున్న షాపులూ, వరసగా పెట్టిన మెషిన్లూ వాళ్ల చేతిలో ఉండబట్టే.

మెషిన్ల దగ్గర ఇరుక్కున్నవాళ్లు ఇదివరకూ ఉన్నారు. 1992 ఫిబ్రవరిలో వర్జీనియా లాటరీకి 44 నంబర్లలో 6, మొత్తం 70,59,052 కాంబినేషన్లు. రొమేనియాలో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడిన స్టెఫాన్ మాండెల్ దాదాపు 2,500 మంది ఇన్వెస్టర్ల డబ్బుతో అన్నీ కొనబోయాడు. టైం చాలక 50 లక్షల దగ్గర ఆగిపోయారు. గెలిచిన నంబరు వాళ్లు కొన్నవాటిలోనే ఉంది కాబట్టి 27 మిలియన్ల జాక్‌పాట్ దక్కింది, అదీ 20 ఏళ్ల వాయిదాల్లో. మిగిలిపోయిన 20 లక్షల్లో ఆ నంబరు పడి ఉంటే? ఆ కథ చెప్పేవాళ్లు ఈ ప్రశ్న వెయ్యరు.

అదే ఏడాది మే నెలలో ఐర్లండ్‌లో స్టెఫాన్ క్లిన్‌సెవిచ్ అనే అకౌంటెంట్ 28 మందితో కలిసి ప్రయత్నించాడు. అక్కడ 36 నంబర్లలో 6, అంటే 19,47,792 కాంబినేషన్లు, ఒక్కోటి అర పౌండు. దాదాపు రెండున్నర లక్షల స్లిప్పులు నెలల ముందు నుంచీ చేత్తో నింపుకున్నారు. లాటరీవాళ్లు పసిగట్టి మెషిన్ల మీద ఆంక్షలు పెట్టారు, 80 శాతం దగ్గర ఆగాల్సి వచ్చింది. జాక్‌పాట్ తగిలింది, కానీ ఇంకో ఇద్దరితో పంచుకోవాల్సి వచ్చింది. ఆ వారం నాలుగు నంబర్లకి ప్రత్యేకంగా 100 పౌండ్లు పెట్టడం వల్ల మాత్రమే వాళ్లు లాభంతో బయటపడ్డారు. సుమారు 3 లక్షల 10 వేల పౌండ్లు, మనిషికి 11 వేలు. మరి కొన్ని నెలలకే లాటరీవాళ్లు 36ని 39 చేశారు, కాంబినేషన్లు 32,62,623కి పెరిగాయి.

టెక్సస్‌లోనూ దారి మూసేశారు. 2025లో లాటరీ కమిషన్‌నే రద్దు చేసి ఆటను మరో శాఖకి అప్పగించారు, కొరియర్ అమ్మకాలు నిషేధించారు, ఒకసారికి వంద టికెట్లకి మించి అమ్మకూడదన్నారు. 2023లో నడిచినట్టు ఇప్పుడు నడుస్తుందని నీ ఫ్రెండ్స్‌లో ఎవరు చెప్పినా నమ్మకు.

ఇక బావగారి సంగతి. ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి నీకు పంపుతారని అక్క ఫోన్‌లో చెప్పింది. వినగానే నాకు కంగారు పుట్టింది, అందుకే ఇంత పెద్ద ఉత్తరం. మన రెండు రాష్ట్రాల్లోనూ లాటరీ అమ్మకమే లేదు. అది అలా ఉంచి, ఫెమా, అంటే విదేశీ మారక ద్రవ్య చట్టం, నిబంధనల ప్రకారం ఇండియా నుంచి బయటి దేశపు లాటరీ టికెట్ల కోసం డబ్బు పంపడమే నిషేధం. బ్యాంకులో ఇంకేదో కారణం రాసి పంపితే రేపు నోటీసు వచ్చేది ఆయన పేరు మీద. ఒకవేళ గెలిచినా, ఆయన ఇక్కడి నివాసి కాదు కాబట్టి ఆయన వాటా మీద 30 శాతం పట్టుకుంటారు, ఓడిన టికెట్ల ఖర్చు చూపించుకునే వీలూ ఉండదు. డెబ్బై దాటిన మనిషిని ఇందులోకి లాగడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

ఇన్వెస్టర్లను వెతుకుతామన్నావు. వాళ్ల దగ్గర డబ్బు తీసుకున్న క్షణం నుంచి నువ్వు లాటరీ ఆడేవాడివి కాదు, పెట్టుబడులు సేకరించేవాడివి, దానికి వేరే చట్టాలున్నాయి. ఆఫీసులో పదిమంది కలిసి టికెట్లు కొని, వచ్చిన కొద్దిపాటి ప్రైజు దగ్గర మాటలు మానేసుకున్నవాళ్లు నా దగ్గరికి ఫైలింగ్‌కి వచ్చారు. అందుకే సరదాకి కొన్నా సరే, ఎవరు ఎంత ఇచ్చారో రాసి సంతకాలు చేయించు, టికెట్ల ఫోటో డ్రాకి ముందే అందరికీ పంపు. గెలిస్తే ఇక్కడి పన్ను శాఖ ఫారం 5754లో అందరి పేర్లూ, వాటాలూ రాయించు, లేకపోతే మొత్తం పన్ను టికెట్ చూపించినవాడి మెడకి చుట్టుకుంటుంది.

నీకు ఈ లెక్కల మీద ఉన్న ఇష్టం చూసి సంతోషమే. అందుకే మిషిగన్‌లోని సెల్బీ దంపతుల గురించి చదవమంటాను. షాపు అమ్మేసి రిటైరైన మనుషులు. మసాచుసెట్స్‌లో క్యాష్ విన్‌ఫాల్ అనే ఆట ఉండేది. జాక్‌పాట్ 2 మిలియన్లు దాటి ఎవరూ గెలవకపోతే ఆ డబ్బు కింది ప్రైజులకి దిగేది. వాళ్లు అన్ని నంబర్లూ కొనలేదు, ఆ వారాల్లో మాత్రమే లక్షల్లో టికెట్లు కొని, కింది ప్రైజులతోనే ఏళ్ల తరబడి లాభం తీశారు. జాక్‌పాట్‌ని ఇంకొకరితో పంచుకోవాల్సి వస్తుందన్న టెన్షన్ వాళ్లకి తక్కువ. ఆ ఆట 2012లో ఆగిపోయింది. నా దృష్టిలో మాండెల్ కంటే వీళ్ల లెక్కే గట్టిది.

షీట్‌లో మూడు కాలమ్‌లు చేర్చు: క్యాష్ విలువ, పంచుకునే అవకాశం, 90 శాతం రూలు. చేర్చి నీ ఫ్రెండ్స్‌కి కూడా పంపు. ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి, కలిసి చూద్దాం. బావగారికి మాత్రం ఆదివారం దాకా ఆగకుండా ఇవాళే చెప్పు, ఆ డిపాజిట్ రెన్యూవల్ చేయించేయమని.

ఇట్లు,
మీ మామయ్య