బిడ్డను చూడగానే అన్నీ మర్చిపోతానా?

"నాకు ఇరవై ఏడేళ్లు. ఎనిమిదో నెల నడుస్తోంది. తొలి కాన్పు కాబట్టి గుంటూరు బ్రాడీపేటలోని పుట్టింటికి వచ్చాను. మావారు ఉద్యోగం వల్ల హైదరాబాద్‌లోనే ఉన్నారు. నొప్పులు ఎలా ఉంటాయని ఎవరిని అడిగినా 'బిడ్డను చూడగానే అన్నీ మర్చిపోతావులే' అని నవ్వేస్తారు. మా అత్తగారు 'మేం ముందురోజు దాకా పొలం వెళ్లేవాళ్లం' అంటారు. అమ్మేమో 'నువ్వు తట్టుకోలేవు, ముహూర్తం చూసి ఆపరేషన్ చేయించేద్దాం' అంటోంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. బిడ్డ పుట్టాక నాకు ప్రేమ కలగకపోతే ఎలా అని ఇంకో టెన్షన్. నాలో ఏదైనా లోపం ఉందా?" – ఒక సోదరి, గుంటూరు

లోపమేమీ లేదు. సీమంతానికి గాజులు తొడగడానికి పదిమంది వస్తారు కానీ, పురిటి గదిలో ఏం జరుగుతుందో చెప్పమంటే అందరూ మాట దాటేస్తారు. తెలియనిదాన్ని తలుచుకుని భయపడకుండా ఎవరుంటారు? నేను డాక్టర్ని కాదు. ఎందరో తల్లులు చెప్పగా విన్నవీ, డాక్టర్లు చెప్పేవీ కలిపి రాస్తున్నాను.

కాన్పు నొప్పి ఆగకుండా ఒకే తీరుగా ఉండదు. వస్తుంది, పెరుగుతుంది, తగ్గిపోతుంది. మధ్యలో ఊపిరి పీల్చుకునే సమయం దొరుకుతుంది. ఎక్కువమందికి నెలసరి నొప్పిలా నడుములో మొదలై పొత్తికడుపు మీదికి వస్తుంది, కొందరికి తొడల్లోకి లాగుతుంది. ఇప్పటి నుంచే అప్పుడప్పుడు కడుపు గట్టిపడుతుంటే అవి దొంగ నొప్పులు కావచ్చు. కాసేపు నడిస్తేనో పక్కకు తిరిగి పడుకుంటేనో అవి సర్దుకుంటాయి. అసలు నొప్పులు అలా తగ్గవు, పోనుపోను దగ్గరపడతాయి, బలపడతాయి. ఇంకా నెలలు నిండలేదు కాబట్టి అలా వరసగా వస్తుంటే మాత్రం దొంగ నొప్పులేలే అని ఇంట్లో కూర్చోకండి.

గర్భసంచి ముఖద్వారం 10 సెంటీమీటర్లు తెరుచుకోవాలి. తొలి కాన్పులో మొదటి 5 సెంటీమీటర్లకు ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ తర్వాత కూడా 12 గంటల దాకా పట్టవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో ఉంది. ఈ సంగతి మీకంటే ముందు వరండాలో కూర్చునే మీవాళ్లకు తెలియాలి. రెండు గంటలు గడిచేసరికి 'ఇంకా అవలేదేంటి' అని కంగారు మొదలుపెట్టేది వాళ్లే.

చివరి సెంటీమీటర్లు అన్నిటికంటే కష్టం. వణుకు, చెమటలు, వాంతులు రావచ్చు. 'ఇక నావల్ల కాదు, కోసేయండి' అని చాలామంది అరిచేది అప్పుడే. విచిత్రం ఏమిటంటే, అప్పటికి బిడ్డ రావడానికి ఎక్కువసేపు ఉండదు. తర్వాత విరేచనానికి వచ్చినట్టు కిందికి ఒత్తిడి పుడుతుంది. ముక్కేటప్పుడు కాస్త మలం కూడా రావచ్చు. సిగ్గుపడకండి, నర్సులకు అది రోజూ ఉండేదే. తల బయటపడే క్షణంలో అక్కడ భగ్గుమని మంట. బిడ్డ వచ్చేశాక ఆ ఒత్తిడి ఒక్కసారిగా వదిలిపోతుంది. మాయ పడాలి, దానికి సాధారణంగా అరగంటలోపు పడుతుంది. ఒళ్లంతా వణికినా భయపడనక్కర్లేదు. పాలిచ్చేటప్పుడు కడుపులో మళ్లీ మెలిపెడితే అది గర్భసంచి ముడుచుకోవడం.

ఇక ఆపరేషన్. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-20 లెక్క ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 100 కాన్పుల్లో 42 సిజేరియన్లే. కాబట్టి మీకూ అవసరం పడవచ్చు. అలా జరిగితే మీరు ఓడిపోయినట్టు అనుకోకండి. కానీ అది నొప్పి లేని దారి అని అమ్మ అనుకుంటే పొరపాటు. మత్తు దిగాక కుట్ల నొప్పి రోజుల తరబడి ఉంటుంది, దగ్గినా లేచి కూర్చున్నా తెలుస్తుంది. వైద్య కారణం లేకుండా, పంచాంగం చూసి 39 వారాలు నిండకముందే బిడ్డను తీయించడం నాకు ససేమిరా నచ్చదు. అలాంటి పిల్లల్లో ఊపిరి ఇబ్బందులు ఎక్కువ. నొప్పే మీ భయమైతే ఎపిడ్యూరల్ గురించి అడగండి. వెన్నులో ఇచ్చే మత్తుతో నొప్పి బాగా తగ్గుతుంది, ఒత్తిడి మాత్రం తెలుస్తుంటుంది. మీ ఆసుపత్రిలో అర్ధరాత్రి కూడా మత్తు డాక్టరు ఉంటారా అన్నది ఇప్పుడే కనుక్కోండి.

అత్తగారితో వాదన పెట్టుకోవద్దు. ఆవిడ ఒక్కరే ఉన్నప్పుడు 'మీకు భయం వేయలేదా అత్తయ్యా?' అని అడిగి చూడండి. పొలం కబుర్ల వెనక దాచుకున్న ఇంకో కథ బయటికి రావచ్చు.

లోపల మీ చెయ్యి పట్టుకునేది ఎవరో కూడా ఇప్పుడే తేల్చుకోండి. ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు సమయంలో ఒక ఆడతోడును, వీలైతే కాన్పు అనుభవం ఉన్నవారిని, ఉండనివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. ప్రైవేటులో ఎవరి పద్ధతి వారిది, ముందే అడగాలి. మిమ్మల్ని చూసి అమ్మ ఏడ్చేస్తారనుకుంటే పిన్నినో అక్కనో తీసుకెళ్లండి. మీవారికి కూడా చెప్పండి, ఫోన్ రాగానే బయల్దేరితే తొలి కాన్పుకు చాలాసార్లు అందుకోవచ్చు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. బిడ్డను గుండెల మీద పెట్టగానే కొందరు ఏడుస్తారు, కొందరు నవ్వుతారు. 'ముందు నాకు మంచినీళ్లు ఇవ్వండి' అనేవాళ్లూ ఉన్నారు. ఏమీ అనిపించక బిడ్డను ఎవరి పిల్లో అన్నట్టు చూసి, ఆ మాట పైకి చెప్పడానికి సిగ్గుపడి ఏళ్ల తరబడి లోపలే దాచుకున్న తల్లులు నాకు తెలుసు. గంటల తరబడి నలిగిపోయిన మనిషికి అది మామూలే. పాలిస్తూ, తడి గుడ్డలు మారుస్తూ ఉండగా ప్రేమ మెల్లగా వస్తుంది. చాలామందికి నొప్పి గుర్తుంటుంది కూడా. గుర్తుండటం వల్ల బిడ్డ మీద ప్రేమ తగ్గదు.

మూడో రోజో నాలుగో రోజో కారణం లేకుండా ఏడుపు రావచ్చు. రెండు వారాల్లోపు సర్దుకుంటుంది. అలా కాకుండా దిగులు ఇంకా పెరుగుతుంటే, బిడ్డ నిద్రపోయినా మీకు నిద్ర రాకపోతే డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. మీకో బిడ్డకో హాని చేయాలన్న ఆలోచన వస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు. ఇది మీవారికీ అమ్మకూ ఇప్పుడే చెప్పి ఉంచండి, అప్పుడు గుర్తుపట్టాల్సింది వాళ్లే.

ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి వెళ్లండి. బండి దొరక్కపోతే 108 ఉంది. ఈసారి చెకప్‌లో అమ్మను కాసేపు బయట కూర్చోమని, నిద్ర పట్టని సంగతి డాక్టరుతో మీరే చెప్పండి.