మేడ మీద ఏహెచ్‌యూ: క్రేన్ పిలిచే ముందు చూసుకోవాల్సినవి

ప్రశ్న: బీచ్‌కి దగ్గర్లో మాకు ఫంక్షన్ హాలు ఉంది. ఇప్పుడు సెంట్రల్ ఏసీ పెట్టిస్తున్నాం. నీళ్లని చల్లబరిచే చిల్లర్ వెనక ఖాళీ స్థలంలో, ఆ చల్లదనంతో గాలిని చల్లబరిచి డక్టుల్లోకి తోసే పెద్ద పెట్టె, అదే ఏహెచ్‌యూ, మాత్రం టెర్రస్ మీద. దాని పొడవు నాలుగు మీటర్లు, వెడల్పు రెండు, ఎత్తు రెండు, బరువు దగ్గర దగ్గర రెండు టన్నులు. మూడు ముక్కలుగా వస్తుందట, పైనే కలుపుతారట. శ్లాబ్ మీద రబ్బరు ప్యాడ్లు వేసి కూర్చోబెడితే చాలు, అంత బరువు ఎక్కడికీ కదలదు అంటున్నాడు కాంట్రాక్టరు. ఆయన మాట నమ్మొచ్చా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నమ్మకండి. శ్లాబ్ విషయంలోనూ ఆయన లెక్క తప్పే, గాలి విషయంలోనూ తప్పే.

ముందు శ్లాబ్ సంగతి. మనుషులు ఎక్కి తిరిగే టెర్రస్‌కి, కట్టడాల మీద పడే బరువులకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం, చదరపు మీటరుకి సుమారు 150 కిలోల లైవ్ లోడ్ (కట్టడం సొంత బరువు కాక పైన పడే బరువు) వేసుకుని డిజైన్ చేస్తారు. మీ యూనిట్ కూర్చునే చోటు ఎనిమిది చదరపు మీటర్లు, బరువు రెండు టన్నులు, అంటే చదరపు మీటరుకి 250 కిలోలు. గాలిని చల్లబరిచే గొట్టాల వరసల్లో, అంటే కాయిల్‌లో, నీళ్లు నిండితే ఇంకాస్త పెరుగుతుంది. పైగా ఆ బరువు సమానంగా పరుచుకోదు, కింది ఫ్రేమ్ పట్టాల వెంబడే పడుతుంది. అందుకని బిల్డింగ్ డ్రాయింగులు పట్టుకుని స్ట్రక్చరల్ ఇంజనీరు దగ్గరికి వెళ్లండి. మామూలుగా చేసేది ఏంటంటే, బీముల మీదా పిల్లర్ల నెత్తినా కాంక్రీటు దిమ్మెలు కట్టి, వాటి మీద ఇనుప సెక్షన్లు వేసి, యూనిట్‌ని వాటి మీద పెడతారు, దాంతో బరువు శ్లాబ్ మీద కాకుండా నేరుగా బీముల్లోకి దిగుతుంది. దిమ్మెలు ముందు కట్టించి ఆ తర్వాతే వాటర్‌ప్రూఫింగ్ చేయించండి, అది దిమ్మెల చుట్టూ పైకి మడతపడాలి. యూనిట్ అంతా బిగించాక శ్లాబ్‌కి కన్నాలు వేశారంటే వానాకాలంలో హాలు సీలింగ్ తడుస్తుంది.

ఇక గాలి. ఐఎస్ 875 మూడో భాగం విశాఖకి పెట్టిన బేసిక్ విండ్ స్పీడ్ సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మీ ఊళ్లో మేడల మీద ఏమేం ఎగిరిపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ వేగంతో గాలి కొడితే చదరపు మీటరుకి సుమారు 150 కిలోల తోపు పడుతుంది, మీ యూనిట్ పొడుగు వైపు ఎనిమిది చదరపు మీటర్లు కాబట్టి మొత్తం 1,200 కిలోలు. బిల్డింగ్ ఎత్తునీ అంచు దగ్గర సుడి తిరిగే గాలినీ కలిపితే ఇంకా ఎక్కువే. తడిసిన శ్లాబ్ మీద రబ్బరు ప్యాడ్లు దాన్ని ఆపుతాయన్న ధైర్యంతో కింద ఆరొందల మందిని భోజనాలకి కూర్చోబెట్టలేం కదండీ. ఫ్రేమ్‌ని ఇనుప సెక్షన్లకీ, వాటిని దిమ్మెలకీ యాంకర్ బోల్టులతో బిగించాల్సిందే. స్ప్రింగుల మీద పెడితే పైకి లేవకుండా పట్టుకునే రకం స్ప్రింగులే అడగండి.

ఉప్పుగాలి గురించి ఆర్డర్ పెట్టేటప్పుడే మాట్లాడుకోండి. కాయిల్ గొట్టాల మీది పల్చటి రేకులకి (ఫిన్స్) ఎపాక్సీ లాంటి కోటింగ్ ఫ్యాక్టరీలోనే వేయించుకోవాలి, సైటుకి వచ్చాక స్ప్రే కొడితే లోపలి వరసలకి అందదు.

ఎత్తేటప్పుడు స్లింగులు కింది ఫ్రేమ్‌కి ఉన్న కొక్కేలకే తగిలించాలి, పైన తాళ్లని ఎడంగా పట్టి ఉంచే స్ప్రెడర్ బార్ ఉండాలి, లేకపోతే తాళ్లు లోపలికి నొక్కి ప్యానెళ్లు సొట్టపోతాయి. ముక్కలు కలిపేటప్పుడే అసలు ఓపిక కావాలి. ఫ్రేమ్ స్పిరిట్ లెవెల్‌కి సరిగ్గా లేకపోతే తలుపులు పట్టేస్తాయి, గాస్కెట్ ఒక పక్క నలిగి ఇంకో పక్క సందు మిగులుతుంది. అప్పుడు కుర్రాళ్లు బోల్టులతో లాగి కలిపేస్తామంటారు, ఒప్పుకోవద్దు. కింది ఫ్రేమ్‌ని చైన్ పుల్లర్‌తో దగ్గరికి లాగి, బోల్టులు చివర్లో బిగించాలి. ఆ పైన సీలెంట్, కప్పు అతుకు మీద రేకు పట్టీ. అంతా అయ్యాక మెయిన్ ఆపి తాళం వేసి, ఆ తాళంచెవి జేబులో పెట్టుకుని, బయట ఒక మనిషిని కాపలా ఉంచి, పట్టపగలు లోపలికి వెళ్లి తలుపు మూయించండి. అతుకుల్లో ఎక్కడ వెలుతురు సన్నగా కనిపిస్తే అక్కడి నుంచే రేపు వాన నీళ్లు వస్తాయి.

లోపల ఉన్నప్పుడే ఫ్యాన్ బేస్ కూడా చూడండి. లారీలో కదలకుండా ఫ్యాన్‌కి బిగించిన పట్టీలు అలాగే ఉంటే స్ప్రింగులు పనిచేయవు, అదురు మొత్తం హాల్లోకి దిగుతుంది. తాజా గాలి తీసుకునే నోరు వంటశాల పొగగొట్టానికీ జనరేటర్‌కీ దూరంగా ఉండాలి. కాయిల్ బయటికి లాగడానికి పక్కన దాని వెడల్పంత ఖాళీ వదలండి, ఆ చోట్లో నీళ్ల ట్యాంకు పెట్టనివ్వకండి.

ప్రశ్న: మా షోరూం మీద కొత్తగా ఏహెచ్‌యూ పెట్టారు. నడుస్తున్నంతసేపూ డ్రెయిన్ పైపులో చుక్క రాదు, రాత్రి ఆపగానే భళ్లున నీళ్లు పడతాయి. డక్ట్ దగ్గర సీలింగ్ మీద మరకలు కూడా వచ్చాయి. పైపు వాలు సరిగ్గానే ఉందంటున్నారు.
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వాలు కాదండీ, మీకు ట్రాప్ (డ్రెయిన్ పైపులో నీళ్లు నిలిచి గాలిని అడ్డుకునే వంపు) లేదు, లేదా ఉన్నా లోతు చాలలేదు. ఫ్యాన్ కాయిల్ తర్వాత ఉంటే, కాయిల్ నుంచి కారే నీళ్లు పడే ట్రే ఉన్న గదిలో గాలి లోపలికే పీలుస్తుంటుంది, ఆ పీలుపు డ్రెయిన్ పైపు నుంచి కూడా గాలిని లాగుతూ నీళ్లని ట్రేలోనే ఆపేస్తుంది. ట్రే నిండి పొర్లితే ఆ తుంపర డక్ట్‌లోకి పోతుంది, మీ మరకలు అవే. ఫ్యాన్ ఆగగానే పీలుపు పోయి నీళ్లన్నీ ఒక్కసారిగా దిగుతాయి.

ట్రే ఉన్న చోట పీలుపు ఎంతో కొలిపించండి. 750 పాస్కల్ ఉందనుకుంటే అది 75 మిల్లీమీటర్ల నీటి ఎత్తుతో సమానం, దానికి ఇంకో 25 కలిపి, ట్రే ఔట్‌లెట్ కంటే ట్రాప్ బయటికి వదిలే అంచు 100 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. ఆ అంచు కింద ట్రాప్‌లో నిలిచే నీళ్లు అందులో సగం, అంటే 50 మిల్లీమీటర్లు. యూనిట్ కింద అంత ఎత్తు లేకపోతే ప్లంబర్ ఎంత మంచివాడైనా ఏమీ చేయలేడు, యూనిట్ లేపించాల్సిందే. విశాఖ పాఠకుడు కూడా దిమ్మెల ఎత్తు లెక్కేసేటప్పుడు ఇది కలుపుకోవాలి.

ట్రాప్ బిగించాక అందులో నీళ్లు పోసి మొదలుపెట్టండి. చలికాలంలో యూనిట్ వారాల తరబడి ఆపితే ఆ నీళ్లు ఎండిపోతాయి, మళ్లీ వేసే రోజు ఒక చెంబుడు పోయించండి.