యూరియాతో కార్బన్ నైట్రైడ్ చేసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

ఎండతో హైడ్రోజన్ తీయడానికి ఉత్ప్రేరకంగా గ్రాఫిటిక్ కార్బన్ నైట్రైడ్ ఎంచుకున్నావు, మంచిదే. బ్యాండ్ గ్యాప్, అంటే వెలుగు అందులోని ఎలక్ట్రాన్‌ను లేపడానికి కావలసిన కనీస శక్తి, 2.7 ఎలక్ట్రాన్ వోల్టులు. 460 నానోమీటర్ల దాకా వెలుగును పట్టుకుంటుంది. ముడిసరుకు చవక. అయితే సగం తప్పులు క్రూసిబుల్ (వేడికి తట్టుకునే మూస) మూత దగ్గరే జరుగుతాయి.

ల్యాబ్ గ్రేడ్ యూరియానే కొను. ఎరువుల కొట్టులో దొరికే బస్తా యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, మనకు పనికిరాదు. 50 మి.లీ. అల్యూమినా క్రూసిబుల్‌లో 10 గ్రాములు చాలు. 133 డిగ్రీల దగ్గర కరిగి పొంగుతుంది కాబట్టి సగానికి మించి నింపకు. మూత పెట్టి, అల్యూమినియం ఫాయిల్ చుట్టి, నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 550కి తీసుకెళ్లి 3 గంటలు ఉంచు. మూత వదులైతే యూరియా విడిపోగా వచ్చే ఐసోసయానిక్ ఆమ్లం ఆవిరైపోయి, తెల్లారి చూస్తే అడుగున చిటికెడు మిగులుతుంది. అన్నీ కుదిరినా అర గ్రాము లోపే వస్తుంది, కంగారుపడకు. అమ్మోనియా దండిగా వస్తుంది. ఫర్నేస్‌కు ఎగ్జాస్ట్ లేకపోతే అసలు మొదలుపెట్టొద్దు.

పొడి లేత పసుపులో, వేలికి మెత్తగా తగలాలి. తెల్లగా ఉంటే పాలిమర్ పూర్తి కాలేదు. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష) 27.4 డిగ్రీల కోణం దగ్గర శిఖరం కనబడాలి. పల్చటి పొరలు కావాలంటే పొడిని వెడల్పు గిన్నెలో పరిచి, మూత లేకుండా 500 డిగ్రీల్లో మరో 2 గంటలు వేడిచెయ్యి. బరువు బాగా తగ్గుతుంది, అది మామూలే.

ప్లాటినం లేకుండా హైడ్రోజన్ దాదాపు రాదు. 50 మి.గ్రా. పొడికి 3 శాతమంటే 1.5 మి.గ్రా. ప్లాటినం, అంటే దాదాపు 4 మి.గ్రా. క్లోరోప్లాటినిక్ ఆమ్లం హెక్సాహైడ్రేట్. అది గాలిలో తేమ పీలుస్తుంది, అంత తక్కువ తూచలేవు. 200 మి.గ్రా. 50 మి.లీ. నీటిలో కరిగించి, అందులోంచి 1 మి.లీ. తీసుకో. చర్యకు ఎలక్ట్రాన్లిచ్చే ట్రైఇథనాలమైన్ తేనెలా చిక్కన, పిపెట్‌కు అంటుకుపోతుంది, 10 మి.లీ. బదులు 11.2 గ్రాములు తూచి, 90 మి.లీ. నీటిలో కలుపు.

దీపం వెయ్యకముందు అరగంట ఆర్గాన్ పంపు. ఆ తర్వాత జీసీలో (వాయువులను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్) నైట్రోజన్ శిఖరం పెరుగుతుంటే ఎక్కడో లీకుంది, ముందు సెప్టం (సూది గుచ్చే రబ్బరు బిరడా) మార్చు. జీసీలో నమూనాను మోసుకెళ్లే క్యారియర్ వాయువుగా కూడా ఆర్గానే వాడు. హీలియంకూ హైడ్రోజన్‌కూ ఉష్ణవాహకత దగ్గరదగ్గర, శిఖరం సరిగా కనబడదు. రియాక్టర్ చుట్టూ చన్నీళ్లు తిరగాలి, లేకపోతే దీపం వేడికి ద్రావణం కాగుతుంది. ప్లాటినం కుదురుకునేదాకా మొదట్లో వాయువు తక్కువే వస్తుంది, ఆ అంకెతో రేటు కట్టకు.

నీటికి బదులు ట్రైఇథనాలమైన్ ఆక్సీకరణం చెందుతోంది కాబట్టి ఇది సగం చర్యే, హైడ్రోజన్ వైపు మాత్రమే. ‘నీటిని విడగొట్టాను’ అని థీసిస్‌లో రాశావంటే, ఆక్సిజన్ ఏదని వైవాలో మొదటి ప్రశ్న అదే వస్తుంది. చీకట్లో ఒకసారి, పొడి లేకుండా ఒకసారి నడిపి, ఆ రెండు గ్రాఫులు నాకు పంపు.