మైండ్‌ఫుల్‌నెస్ (చేస్తున్న పని మీదే మనసు నిలపడం) స్కోరు ఎక్కువున్నవారికి ఆందోళన తక్కువని సర్వేలో వస్తే, ధ్యానం వల్లే తగ్గిందని డిగ్రీ ప్రాజెక్టులో రాయవచ్చా?

రాయకూడదు, ఒకేసారి చేసిన సర్వే రెండింటికీ సంబంధం ఉందని చెబుతుందే తప్ప, ఏది దేనికి కారణమో చెప్పదు. టెన్షన్ లేనివాళ్లకే చేసే పని మీద మనసు నిలవడం తేలిక కావచ్చు. లేదా చాలినంత నిద్ర ఆ రెండింటినీ బాగుచేస్తుండవచ్చు.

ఉదాహరణకు మైండ్‌ఫుల్‌నెస్‌ను కొలిచే 15 ప్రశ్నల మాస్ (MAAS), ఆందోళన వంటివాటిని కొలిచే 21 ప్రశ్నల డాస్ (DASS-21) అనే ప్రశ్నావళులను ఒకే రోజు నింపించారనుకోండి. అది పరీక్షల వారమైతే రెండు స్కోర్లూ కలిసే దెబ్బతినవచ్చు. ఆ మాటకొస్తే, మాస్‌లో ధ్యానం గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు! కారణం తేల్చాలంటే లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒకదానికే శిక్షణ ఇచ్చి, ముందూ తర్వాతా కొలవాలి.

ఎక్కువమందిని అడిగితే చాలనుకోవడం చాలామంది పొరపాటు. 50 మందికి బదులు 500 మందిని అడిగితే సంబంధం ఎంతో మరింత కచ్చితంగా తెలుస్తుంది, అంతే.