పలాస జీడి బట్టీల్లో పిక్కలు కొట్టేవాళ్ల చేతులు ఎందుకు పొక్కుతాయి? ఏం చేయాలి?

కారణం పిక్క తొక్కలో ఉండే నూనె. తొక్క బరువులో దాదాపు నాలుగో వంతు ఇదే. ఆ నూనెలో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం, చర్మాన్ని బాగా పొక్కించేది మాత్రం అందులోనే ఉండే కార్డాల్ అనే రసాయనం. ఆవిరిలో ఉడికించిన పిక్కలో నూనె చాలావరకు తొక్కలోనే మిగిలిపోతుంది, అందుకే కట్ చేసేటప్పుడు వేళ్ల మీద చిందుతుంది.

దెబ్బ రెండు రకాలు. నూనె తగిలినచోట కాలి, నల్లబడి, తోలు ఊడడం ఒకటి. రెండోది ఎలర్జీ: తగిలిన ఒకటి రెండు రోజులకు దురద, నీటి పొక్కులు వస్తాయి. మామిడి సొన పడనివాళ్లకి ఇది వచ్చే అవకాశం ఎక్కువ, రెండిట్లోనూ ఒకే జాతి రసాయనాలు ఉంటాయి కాబట్టి.

పనికి ముందు చేతులకి ఆముదం రాసి బూడిద అద్దుకోవాలి, అరిగినప్పుడల్లా మళ్లీ రాయాలి. నైట్రైల్ (ఒక రకం సింథటిక్ రబ్బరు) గ్లౌజులు ఇంకా మేలు, కానీ చిరిగితే వెంటనే మార్చాలి. లోపలికి దిగిన నూనె అక్కడే నానుతూ చర్మాన్ని ఎక్కువ తినేస్తుంది.

ఈ నూనె ఉత్త నీళ్లకి పోదు. ముందు కొబ్బరినూనెతో రుద్ది, గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బు పెట్టాలి. కిరసనాయిలు వద్దేవద్దు, చర్మాన్ని ఎండగట్టి పగలదీస్తుంది. అన్నానికి కూర్చునే ముందే కాదు, బాత్రూమ్‌కి వెళ్లే ముందు కూడా కడుక్కోవాలి, ఇది చాలామంది మర్చిపోతారు. కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా నీళ్లు పోసి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎలర్జీ స్థిరపడితే బూడిద, ఆముదం చాలవు. కటింగ్ నుంచి గ్రేడింగ్‌కి (పప్పుని రకాలుగా వేరుచేసే పనికి) మార్చమని యజమానిని గట్టిగా అడగండి. డాక్టరుకి జీడి పని చేస్తున్నామని తప్పక చెప్పండి, లేకపోతే తామర అనుకుని మందు రాసే ప్రమాదం ఉంది.