గేల్ బిలం ప్రొఫైల్‌లో లైడార్ సిగ్నల్ ఎందుకు పడిపోతోంది
అంగారకుడి మీది గేల్ బిలానికి లెక్కగడితే లైడార్ (లేజర్ కాంతిని పంపి, దుమ్ము నుంచి వెనక్కొచ్చే కాంతిని కొలిచే పరికరం) సిగ్నల్ పడిపోతోందని అడిగారు. తప్పు లేజర్‌ది కాదు, ఎత్తుది. అంగారక వాతావరణ డేటా ఇచ్చే మార్స్ క్లైమేట్ డేటాబేస్ నుంచి మీరు తీసిన ప్రొఫైల్‌లో (ఎత్తును బట్టి విలువలు చూపే పట్టికలో) 0 మీటర్లంటే ఏరాయిడ్, అంటే మనకు సముద్ర మట్టంలా అంగారకుడికి పెట్టుకున్న సున్నా ఎత్తు. గేల్ బిలంలో నేల దానికి సుమారు 4.5 కి.మీ. కిందుంది. దుమ్ము ఎక్కువుండే కింది పొరంతా మీ ఫైల్‌లో లేదు, ఇక కాంతిని వెనక్కి చెదరగొట్టేదేముంది?

1. ఎత్తును ఎక్కడి నుంచి కొలవాలో డేటాబేస్‌కి చెప్పే జెడ్‌కీ (zkey)లో 2 తీసేసి 3 పెట్టండి. ఎత్తు నేల నుంచి మొదలవుతుంది.
2. నేల దగ్గర పీడనం చూడండి. కాలాన్ని బట్టి 700–900 పాస్కల్స్ రావాలి. 500 ప్రాంతంలో ఉంటే ఇంకా ఏరాయిడ్ మీదే ఉన్నట్టు.
3. దుమ్ము విలువ కిలో గాలికి ఇన్ని కిలోల దుమ్మన్న నిష్పత్తి. అందరూ మర్చిపోయేది ఇదే: వాతావరణ సాంద్రతతో గుణించాకే బ్యాక్‌స్కాటర్ (వెనక్కి చెదిరే కాంతి) లెక్కలోకి ఇవ్వండి.
4. చివరగా గాలి వేగం లేజర్ కిరణం దిశలో ఎంతో లెక్కగట్టండి.